ముల్కీ నుండి ‘స్థానికుడు’ వరకు: వ్యక్తి గుర్తింపు, సామూహిక అస్తిత్వం – మల్లాపూర్ నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

వ్యక్తి తన గురించి చెప్పుకొనే మాటకు సమాజం ఇచ్చే అంగీకారమే గుర్తింపు. హైదరాబాదు రాజ్యంలో ‘ముల్కీ’ అనే పదం ఒకవైపు వ్యక్తి చేతిలోని ధ్రువపత్రంగా, మరొకవైపు ఒక ప్రాంత ప్రజల సామూహిక నామంగా దాదాపు శతాబ్దకాలం వ్యవహరింపబడింది. 1919 నాటి ముల్కీ నిబంధనల నుండి 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల వరకు ‘ఈ నేలకు చెందినవాడు ఎవడు?’ అన్న ప్రశ్నకు ఏయే ఆధారాలను ప్రమాణంగా స్వీకరించారో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తూర్పు హైదరాబాదులోని మల్లాపూర్, నాచారం, ఉప్పల్ పారిశ్రామిక ప్రాంతాన్ని ఆ ప్రమాణాల పరిధినీ పరిమితినీ గ్రహించేందుకు ఉదాహరణగా తీసుకొంటుంది.

కీలక పదాలు: ముల్కీ, గైర్‌ముల్కీ, స్థానికత, అస్తిత్వం, ధ్రువపత్రం, వలస

1. ఉపోద్ఘాతం

ఉస్మానియా విశ్వవిద్యాలయం నుండి తూర్పుగా తార్నాక, హబ్సిగూడ దాటి నాచారం మీదుగా వెళితే మల్లాపూర్ వస్తుంది. ఒకప్పటి పల్లె నేడు కర్మాగారాలు, గోదాములు, కార్మికుల అద్దె గదులు, మధ్యతరగతి కాలనీలు కలిసిన నగర భాగం. ఉప్పల్, నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడలు ఒకదాని వెంట ఒకటి విస్తరించాయి. సమీపంలోనే 1967లో స్థాపితమైన ఇ.సి.ఐ.ఎల్., 1971లో ప్రారంభమైన అణు ఇంధన సముదాయం ఉన్నాయి. ఇలాంటి చోట పక్కపక్క ఇళ్లలో ఉండేవారి పుట్టిన ఊళ్లు వేరు, ఇంటి భాషలు వేరు. ‘మీది ఏ ఊరు?’ అన్న ప్రశ్న ఇక్కడ కుశలప్రశ్నగా మొదలై కొలువు, బడి, రేషను, ఓటు వంటి వ్యవహారాలలో అధికార ప్రశ్నగా మారుతుంది.

ఈ ప్రశ్నకు తెలంగాణలో దీర్ఘమైన చరిత్ర ఉంది. ఆ చరిత్రను సాధారణంగా ఉద్యమాల చరిత్రగా, రాజకీయ ఒప్పందాల చరిత్రగా రాస్తారు. దానిని గుర్తింపు పత్రాల చరిత్రగా కూడా చదవవచ్చు. ఒక మనిషి తాను ఈ నేలకు చెందినవాడినని చెప్పినప్పుడు ఏ సాక్ష్యాన్ని చూపాలి? పుట్టుకనా, నివాసాన్నా, మనసులోని నిర్ణయాన్నా, బడి రికార్డునా? ఒక్కొక్క కాలంలో ఒక్కొక్క జవాబు వచ్చింది. జవాబు మారిన ప్రతిసారీ సమూహం పొలిమేర మారింది. వ్యక్తి గుర్తింపు, సామూహిక అస్తిత్వం ఒకదానిని ఒకటి ఎలా నిలబెడతాయో, ఎలా దెబ్బతీస్తాయో ఈ మార్పులలో స్పష్టమవుతుంది.

2. గుర్తింపు: రెండు ముఖాలు

పేరు, ఇంటిపేరు, ఊరు, వృత్తి, చదువు వ్యక్తి గుర్తింపులో భాగాలు. భాష, ప్రాంతం, కులం, మతం, వర్గం సామూహిక గుర్తింపుకు ఆధారాలు. ఈ విభజన పాఠ్యగ్రంథాలలో ఉన్నంత నిక్కచ్చిగా జీవితంలో ఉండదు. తెలుగువారి ఇంటిపేర్లలో అనేకం ఊరి పేర్లే. అంటే వ్యక్తి నామంలోనే ఒక స్థలం, ఆ స్థలం ద్వారా ఒక సమూహం చేరి ఉన్నాయి.

వ్యక్తి ‘నేను ఫలానా’ అని చెప్పుకోవడం గుర్తింపులో ఒక సగం మాత్రమే. ఎదుటివారు ‘అవును’ అనడం రెండవ సగం. పల్లెలో ఈ రెండవ సగానికి కాగితం అక్కరలేదు. ఊరి పెద్దో, పక్కింటివారో నోటిమాటతో పూచీ పడతారు. ఆధునిక రాజ్యం వచ్చిన తరువాత ఆ పూచీ అధికారి సంతకంగా, ముద్రగా మారింది. సంతకం కోసం నిర్వచనం అవసరమైంది. నిర్వచనం ఏర్పడిన క్షణాన లోపలివారు, బయటివారు అనే విభజన లిఖితరూపం పొందింది. హైదరాబాదు రాజ్యంలో ఈ పరిణామానికి పెట్టిన పేరే ముల్కీ.

3. ముల్కీ నిబంధనలు: పుట్టుక, నివాసం, సంకల్పం

‘ముల్క్’ అంటే దేశం, రాజ్యం. ముల్కీ అంటే ఆ దేశానికి చెందినవాడు. మొదటి సాలార్‌జంగ్ కాలంలో పరిపాలనా సంస్కరణలు జరిగినప్పుడు ఉత్తర భారతం నుండి, ముఖ్యంగా కొత్త చదువులు చదివినవారు, పెద్ద సంఖ్యలో హైదరాబాదు కొలువులలో చేరారు. 1880ల మధ్యకాలంలో పారశీకం స్థానంలో ఉర్దూ పాలనాభాష కావడంతో ఆ రాక మరింత పెరిగింది. స్థానికంగా పుట్టి పెరిగినవారిలో అసంతృప్తి పెరిగింది. ముల్కీ, గైర్‌ముల్కీ అనే పదాలు అప్పటి నుండి పాలనా వ్యవహారంలో స్థిరపడ్డాయి. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో 1919లో వెలువడిన ఫర్మానాతో ముల్కీ నిబంధనలు నిర్దిష్ట రూపం పొందాయి. 1935లో ఏర్పడిన నిజాం ప్రజల సంఘం, అనగా ముల్కీ లీగ్, ఈ భావనను రాజకీయ వేదిక మీదికి తెచ్చింది.

ఆ నిబంధనలలోని నిర్వచనం చరిత్రకారులే కాక సమాజశాస్త్రజ్ఞులు కూడా శ్రద్ధగా చదవదగినది. దాని ప్రకారం నాలుగు మార్గాలలో మనిషి ముల్కీ అవుతాడు. పుట్టుకతో హైదరాబాదు రాజ్య ప్రజ కావడం మొదటిది. నివాసం ద్వారా అర్హత పొందడం రెండవది. పదిహేనేళ్ల ప్రభుత్వ సేవ పూర్తిచేసి కొలువులో ఉన్న తండ్రికి జన్మించడం మూడవది. ముల్కీకి భార్య కావడం నాలుగవది. నివాసం ద్వారా ముల్కీ కాదలచినవాడు కనీసం 15 ఏళ్లు రాజ్యంలో స్థిరనివాసిగా ఉండాలి. అంతటితో చాలదు. తన పూర్వ నివాసానికి తిరిగి వెళ్లే ఆలోచన మానుకొన్నట్లు మేజిస్ట్రేటు ధ్రువీకరించిన ప్రమాణపత్రం కూడా సమర్పించాలి.

ఈ చివరి షరతు ముఖ్యమైనది. కాలం గడవడం ఒక్కటే మనిషిని ఒక నేలకు చెందినవానిగా చేయదనీ, మనసులో ఒక నిర్ణయం కూడా అవసరమనీ ఆ నిబంధన భావించింది. ముల్కీతనం రక్తసంబంధానికి మాత్రమే పరిమితమైన మూసిన ద్వారం కాదు. పరాయివాడు కూడా ముల్కీ కావచ్చు. దానికి కాలమూ సంకల్పమూ రెండూ కావాలి. కానీ సంకల్పం కంటికి కనిపించదు. దానికి సాక్ష్యంగా ఒక కాగితాన్నే స్వీకరించవలసి వచ్చింది. తరువాతి కాలంలో ఎదురైన సంక్షోభానికి మూలం ఇక్కడే ఉంది.

నాలుగవ మార్గం ఆ కాలపు సామాజిక దృష్టిని తెలుపుతుంది. స్త్రీకి ముల్కీతనం భర్త ద్వారా సంక్రమిస్తుంది. బయటినుండి వచ్చిన పురుషుడు 15 ఏళ్లు ఉండి, ప్రమాణం చేయాలి. వధువుకు వివాహమే ప్రమాణం. సామూహిక గుర్తింపు అందరికీ ఒకే రీతిలో అందదనడానికి ఇది ఒక నిదర్శనం.

4. ముల్కీ అనే గొడుగు కింద: భాష, కులం

ముల్కీ అనే నామం ప్రధానంగా ప్రభుత్వ కొలువులు ఆశించే విద్యావంతుల నుండి పుట్టింది. ఆ గొడుగు కింద ఉన్నవారందరికీ అది సమానమైన గౌరవాన్ని ఇవ్వలేదు. రెండు ఉదాహరణలు ఈ విషయాన్ని నిరూపిస్తాయి.

మొదటిది భాష. 1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధని ప్రాంగణంలో జరిగిన సంఘ సంస్కరణ సభలో తెలుగులో మాట్లాడబోయిన వక్తకు అవహేళన ఎదురైంది. ఆ అవమానం నుండి ఆంధ్ర జనసంఘం పుట్టింది. అవమానితుడు ఒక వ్యక్తి. కానీ దానిని తమదిగా భావించినవారు తెలుగు మాట్లాడేవారందరూ. అక్కడినుండి 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగిన తొలి ఆంధ్ర మహాసభ వరకు సాగిన ప్రయాణంలో వ్యక్తిగత అనుభవం సామూహిక అస్తిత్వంగా రూపొందిన క్రమం కనిపిస్తుంది.

1934లో వెలువడిన ‘గోలకొండ కవుల సంచిక’ ఇదే క్రమానికి సాహిత్యరూపం. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న విమర్శకు ప్రతాపరెడ్డి వాదంతో గాక, 354 మంది కవులతో జవాబు చెప్పారు. సామూహిక అస్తిత్వానికి సాక్ష్యం కావలసి వచ్చినప్పుడు ఆయన చూపినది వ్యక్తుల పేర్లను, ఊళ్లను, పద్యాలను. విడివిడిగా చూస్తే ఒక్కొక్క కవిది తన ఊరికి పరిమితమైన గుర్తింపు. కలిపి అచ్చువేసినప్పుడు అది ఒక ప్రాంతపు గుర్తింపు అయింది. ఇక్కడ సామూహికత వ్యక్తులను మింగివేయలేదు. వారి పేర్ల మీదనే నిలబడింది.

ఇదే సందర్భంలో మరొక విషయం గమనించాలి. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు శాఖకు తొలి అధ్యక్షుడైన రాయప్రోలు సుబ్బారావు తీరాంధ్రకు చెందినవారు. ప్రాంతపు లెక్కలో బయటివాడు, భాష లెక్కలో లోపలివాడు. ఒకే మనిషి ఒక గుర్తింపు ప్రకారం పరాయి, మరొక గుర్తింపు ప్రకారం ఆత్మీయుడు కావడం అసహజం కాదు. గుర్తింపుల బాహుళ్యం సమాజానికి సహజమైన స్థితి. వాటిలో ఏదో ఒక్కదానినే శాశ్వతంగా ఎంచుకొమ్మని ఒత్తిడి వచ్చినప్పుడే సంఘర్షణ మొదలవుతుంది.

రెండవది కులం. భాగ్యరెడ్డి వర్మ 1888లో హైదరాబాదులో జన్మించారు. అసలు పేరు మాదరి భాగయ్య. పేరు మార్పు ఆయన విషయంలో అలంకారం కాదు, సామాజిక ప్రకటన. 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించి, 1911లో దానిని మన్యసంఘంగా విస్తరింపజేశారు. తరువాత ‘ఆది హిందు’ అనే నామాన్ని ప్రచారంలోకి తెచ్చారు. ‘పంచములు’ అన్నది ఇతరులు పెట్టిన పేరు. ‘ఆది’ అన్నది తమకు తాము ఎంచుకొన్న పేరు. నేలకు తామే తొలి హక్కుదారులమన్న వాదం ఆ పదంలో ఇమిడి ఉంది. 1931 నాటి హైదరాబాదు రాజ్య జనగణనలో ‘ఆది హిందు’ అనే పేరు చోటుచేసుకోవడం ఆ కృషికి లభించిన ఫలితం.

ముల్కీ వాదం కొలువులలో వాటా అడుగుతున్న రోజులలోనే ఆ వాదం ముందువరుసలో చోటులేని ప్రజలు తమ పేరు కోసం పోరాడవలసి వచ్చింది. పుట్టుక, నివాసం, సంకల్పం మూడూ ఉన్న ముల్కీలు వారు. అయినా ఆ ముల్కీతనం వారికి బడినీ కొలువునూ ఇవ్వలేకపోయింది. సామూహిక గుర్తింపు బయటివారి ఎదుట ఎంత బలంగా నిలిచినా, లోపలివారిలో సమానత్వం లేనప్పుడు అది అసంపూర్ణమే.

5. 1952: కాగితం అబద్ధమైనప్పుడు

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యం భారత యూనియన్‌లో విలీనమైన తరువాత పాలనావ్యవస్థను పునర్నిర్మించేందుకు మద్రాసు, బొంబాయి రాష్ట్రాల నుండి ఉద్యోగులు వచ్చారు. ఉర్దూ స్థానంలో ఇంగ్లీషు పాలనాభాషగా ప్రాముఖ్యం పొందింది. ఉర్దూ మాధ్యమంలో చదివిన స్థానికులు ఒక్కసారిగా ‘తగిన అర్హత లేనివారు’ అయ్యారు. చదువు మారలేదు, దానికి ఉన్న గుర్తింపు మారింది. మరోవైపు తప్పుడు ముల్కీ ధ్రువపత్రాలతో బయటివారు కొలువులు పొందుతున్నారన్న ఆరోపణలు వ్యాపించాయి.

1952లో బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో వరంగల్లులో మొదలైన విద్యార్థి ఆందోళన హైదరాబాదుకు పాకింది. సెప్టెంబరు 3, 4 తేదీలలో నగరంలో సిటీ కాలేజీ పరిసరాలలో జరిగిన కాల్పులలో ప్రాణాలు పోయాయి. న్యాయమూర్తి పింగళి జగన్మోహన్ రెడ్డి ఆ సంఘటనలపై విచారణ జరిపారు.

ఈ ఉద్యమాన్ని కొలువుల పోటీగా మాత్రమే చూస్తే దాని తీవ్రత బోధపడదు. తప్పుడు ధ్రువపత్రం ఒక వ్యక్తి చేసిన మోసం. అది ఒక ఉద్యోగాన్ని మాత్రమే తీసుకొంటుంది. కానీ అటువంటి పత్రాలు సులభంగా దొరుకుతాయన్న నమ్మకం వ్యాపించగానే నిజమైన పత్రం విలువ కూడా పడిపోతుంది. 15 ఏళ్ల నివాసం, తిరిగి వెళ్లనన్న ప్రమాణం అనే రెండు ఆధారాలూ సంతకం కొనగలవారి ముందు అర్థం కోల్పోయాయి. వ్యక్తి గుర్తింపు పత్రం కల్తీ అయినప్పుడు సమూహమంతా తన ఉనికికే ముప్పు వచ్చినట్లు భావించింది. ఒక్కొక్కరి ధ్రువపత్రానికి సమూహమే హామీదారు. ఆ హామీ నమ్మకం మీద నిలిచినది. నమ్మకం చెదిరిన చోట కాగితం చేయలేని పనిని నినాదం చేయబూనింది. ఆ నినాదాలు తినే తిండినీ, మాట్లాడే యాసనూ సైతం గైర్‌ముల్కీ గుర్తుగా చూపి హేళన చేశాయి. న్యాయమైన ఫిర్యాదు ఒక్కొక్కప్పుడు అన్యాయమైన భాషను ఎంచుకొంటుందన్నది కూడా 1952 నేర్పిన పాఠం.

6. 1956–1975: ఒప్పందం, న్యాయస్థానం, బడి

1955లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం హైదరాబాదు రాష్ట్రాన్ని కొంతకాలం విడిగా ఉంచాలని సిఫారసు చేసింది. 1956 ఫిబ్రవరి 20న కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం ద్వారా విలీనానికి దారి ఏర్పడింది. తెలంగాణ కొలువులకు 12 ఏళ్ల నివాసాన్ని అర్హతగా ఆ ఒప్పందం పేర్కొన్నది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది.

భారత రాజ్యాంగంలోని 16వ అధికరణం నివాసం ప్రాతిపదికన ప్రభుత్వోద్యోగంలో వివక్షను నిషేధిస్తుంది. అదే అధికరణంలోని మూడవ ఖండం నివాస షరతు విధించే అధికారాన్ని పార్లమెంటుకు మాత్రమే ఇస్తుంది. ఈ అధికారంతో 1957లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. ఒప్పందాలు అమలు కాలేదన్న ఆవేదనతో 1969 జనవరిలో పాల్వంచ, కొత్తగూడెం ప్రాంతంలో మొదలైన ఆందోళన ప్రత్యేక తెలంగాణ ఉద్యమంగా విస్తరించింది. ఆ ఏడాది మార్చి 28న సుప్రీంకోర్టు 1957 నాటి చట్టంలో తెలంగాణకు సంబంధించిన నివాస షరతు చెల్లదని తీర్పు చెప్పింది. పార్లమెంటు రాష్ట్రమంతటికీ నివాస షరతు విధించవచ్చు గాని, రాష్ట్రంలో ఒక భాగానికి విధించరాదన్నది దాని సారాంశం. 1972 అక్టోబరు 3న అదే న్యాయస్థానం ముల్కీ నిబంధనలు రాజ్యాంగానికి ముందున్న చట్టంగా కొనసాగుతున్నాయని ప్రకటించింది. వెంటనే కోస్తా, రాయలసీమలలో జై ఆంధ్ర ఉద్యమం చెలరేగింది. రెండు తీర్పులు, రెండు ఉద్యమాలు. ఒకవైపు ‘మాకు రక్షణ తొలగిపోయింది’ అన్న భయం, మరొకవైపు ‘మా రాజధానిలో మేమే పరాయివారమా?’ అన్న ఆవేదన. రెండింటికీ మూలం ఒకే నిర్వచనం.

1973 సెప్టెంబరు 21న ప్రకటించిన ఆరు సూత్రాల పథకం ఈ చిక్కును విప్పడానికి ఒక కొత్త మార్గాన్ని ఎంచుకొన్నది. 32వ రాజ్యాంగ సవరణ ద్వారా 371-డి అధికరణం చేరింది. 1975 అక్టోబరు 18 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులతో ముల్కీ అనే పదం పాలనా వ్యవహారం నుండి తొలగి, ‘స్థానిక అభ్యర్థి’ అనే పదం వచ్చింది. గుమాస్తా స్థాయి జిల్లా పోస్టులలో 80 శాతం, ఆపై జోనల్ పోస్టులలో 70 శాతం, నిర్దిష్ట గెజిటెడ్ పోస్టులలో 60 శాతం స్థానికులకు కేటాయించారు. స్థానికతకు ప్రధాన ప్రమాణం పదవ తరగతితో ముగిసే వరుస నాలుగేళ్ల చదువు.

పదం మార్పు కన్న ప్రమాణం మార్పు లోతైనది. 1919లో ప్రశ్న వయోజనుని ముందు ఉంది. ‘నీవు తిరిగి వెళ్లిపోతావా, ఇక్కడే ఉంటావా?’ అన్న ఆ ప్రశ్నకు అతడు ప్రమాణం చేసి జవాబు చెప్పేవాడు. 1975లో ప్రశ్న బడి రికార్డు ముందుకు వచ్చింది. పిల్లవాడు ఏ బడిలో కూర్చున్నాడన్నదే జవాబు. రికార్డులో పేరు చేరిననాటికి ఆ పిల్లవాడికి ఆ ప్రశ్న ఉన్నట్లే తెలియదు. సంకల్పం నుండి హాజరుపట్టీకి జరిగిన ఈ మార్పు వల్ల మోసానికి అవకాశం తగ్గింది. అదే సమయంలో, ఇక్కడే ఉండాలన్న మనిషి నిర్ణయానికి విలువ కూడా తగ్గింది. ఈ ఉత్తర్వుల అమలులో ఉల్లంఘనలు జరిగాయన్న ఫిర్యాదుల మీద 1985 డిసెంబరు 30న 610 జీవో వెలువడింది. అది కూడా పూర్తిగా అమలు కాలేదన్న భావన మలిదశ ఉద్యమానికి ఒక ప్రధాన కారణమయింది. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది.

7. మల్లాపూర్: నిర్వచనాల సరిహద్దు

ఈ నిర్వచనాలు నేల మీద ఎలా పనిచేస్తాయో తెలుసుకొనేందుకు మల్లాపూర్ తగిన చోటు. 1978లో హైదరాబాదు జిల్లా నుండి రంగారెడ్డి జిల్లా విడివడినప్పుడు నగరం చుట్టూ ఉన్న ప్రాంతం కొత్త జిల్లాలో చేరింది. 2007లో కాప్రా, ఉప్పల్‌తో సహా పన్నెండు పురపాలక సంఘాలు కలిసి మహానగర పాలక సంస్థ విస్తరించింది. 2016 అక్టోబరులో ఈ ప్రాంతం మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో భాగమయింది. మల్లాపూర్‌లో ఒకే ఇంట నివసించిన కుటుంబం కదలకుండానే జిల్లాలు మారింది. పల్లెవాసి అన్న గుర్తింపు నగరవాసిగా మారింది. మనిషి కదలనప్పుడు కూడా గుర్తింపు కదలగలదనడానికి ఇంతకన్న స్పష్టమైన ఉదాహరణ అవసరం లేదు.

2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులు స్థానికులకు 95 శాతం కొలువులు కేటాయించి, చదువు ప్రమాణాన్ని ఒకటవ తరగతి నుండి ఏడవ తరగతి వరకు ఉన్న కాలానికి మార్చాయి. ఆ కాలంలో కనీసం నాలుగేళ్లు ఒక ప్రాంతంలో చదివినవారు ఆ ప్రాంతానికి స్థానికులు. ఈ మార్పు ఫలితాన్ని మల్లాపూర్ పరిస్థితికి అన్వయించి చూడవచ్చు. కర్మాగారంలో పనికోసం ఇతర రాష్ట్రం నుండి వచ్చిన కుటుంబంలోని పిల్ల ఆరవ తరగతిలో ఇక్కడి బడిలో చేరి పదవ తరగతి పూర్తిచేసిందనుకొందాం. 1975 నాటి ప్రమాణం ప్రకారం ఆమె స్థానికురాలు. 2018 నాటి ప్రమాణం ప్రకారం ఏడవ తరగతి వరకు ఆమెకు ఇక్కడ ఉన్నవి రెండేళ్లే గనుక ఆమె స్థానికురాలు కాదు. అలాగే ఇల్లు మల్లాపూర్‌లో ఉండి, బడి తార్నాకలో ఉన్న పిల్లవాడు జిల్లా పోస్టుల విషయంలో హైదరాబాదు జిల్లాకు చెందుతాడు. ఇంటికి, బడికి మధ్య ఉన్నది కొన్ని కిలోమీటర్ల బస్సు ప్రయాణం. కాగితం మీద అది జిల్లా సరిహద్దు.

మరొక పరిమితి ఇంతకన్న పెద్దది. ముల్కీ నిబంధనలు గాని, ఆ తరువాతి ఉత్తర్వులు గాని వర్తించినది రాష్ట్ర ప్రభుత్వ కొలువులకు. మల్లాపూర్, నాచారం పారిశ్రామికవాడలలోని ప్రైవేటు కర్మాగారాలు, సమీపంలోని కేంద్రప్రభుత్వ సంస్థలు ఆ పరిధిలోకి రావు. అంటే ఈ ప్రాంతపు శ్రామికులలో అధికుల జీవనోపాధిని వందేళ్ల స్థానికతా చర్చ తాకనేలేదు. వారికి కావలసిన గుర్తింపు వేరు. యజమాని ఇచ్చే నియామకపత్రం, ఈ.ఎస్.ఐ. చీటీ, భవిష్యనిధి సంఖ్య, రేషను కార్డు వారి రోజువారీ గుర్తింపులు. కాంట్రాక్టరు కింద పనిచేసే శ్రామికునికి వీటిలో మొదటిది కూడా దొరకకపోవచ్చు. ఏళ్ల తరబడి ఒకే యంత్రం దగ్గర నిలబడినా, నిలబడినట్లు సాక్ష్యం చెప్పే కాగితం లేనివాని 15 ఏళ్ల నివాసాన్ని ఏ మేజిస్ట్రేటు ధ్రువీకరించగలడు?

2020 మార్చిలో లాక్‌డౌన్ విధించినప్పుడు ఈ లోటు దేశమంతటికీ కనిపించింది. తెలంగాణ ప్రభుత్వం వలస కార్మికులకు తలకు 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ప్రకటించింది. స్థానికత అడగకుండా ఇచ్చిన సహాయం అది. అయినా దానిని అందించడానికి ముందుగా వలస కార్మికులు ఎవరో గుర్తించి జాబితా రాయవలసివచ్చింది. ఆ ఏడాది మే 1న దేశంలో తొలి శ్రామిక రైలు లింగంపల్లి నుండి జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. ముల్కీ నిబంధన అడిగిన ‘తిరిగి వెళ్లే ఆలోచన మానుకొన్నావా?’ అన్న ప్రశ్నకు ఆ రోజులలో వేలాదిమంది కాలినడకతోనే జవాబు చెప్పారు. ఉండమని చెప్పే గుర్తింపు ఏదీ ఇక్కడ లేనప్పుడు, తమను పేరు పెట్టి పిలిచే ఊరికే మనిషి బయలుదేరుతాడు.

8. ముగింపు

వంద ఏళ్ల ఈ చరిత్ర నుండి కొన్ని నిర్ధారణలు చేయవచ్చు. వ్యక్తి గుర్తింపు, సామూహిక అస్తిత్వం పరస్పరాధారాలు. గోలకొండ కవుల సంచికలో వ్యక్తుల పేర్లు సమూహాన్ని నిరూపించాయి. ముల్కీ పత్రంలో సమూహపు నమ్మకం వ్యక్తికి విలువనిచ్చింది. 1952లో ఆ నమ్మకం చెదిరినప్పుడు రెండూ కలిసే దెబ్బతిన్నాయి.

సామూహిక గుర్తింపు అణచివేతకు గురైనవారికి ఆయుధం. ఆది హిందు అన్న పేరు, ఆంధ్ర జనసంఘం, ముల్కీ ఉద్యమం ఈ కోవలోనివి. అయితే ఆ గుర్తింపు తన లోపలి అసమానతలను దాచినప్పుడు, తన పొలిమేర వెలుపల ఉన్నవారిని మనిషిగా కాక గుర్తుగా మాత్రమే చూసినప్పుడు, తాను ఎదిరించిన అన్యాయాన్నే తిరిగి చేస్తుంది.

స్థానికతకు రాజ్యం అడిగే ఆధారం పుట్టుక నుండి నివాసానికి, నివాసం నుండి బడికి మారింది. ఏ ప్రమాణమూ సహజసిద్ధం కాదు. ప్రతిదీ ఒక చారిత్రక సందర్భంలో కొందరి అవసరం కోసం రూపొందినదే. కనుక వాటిని మళ్లీ పరిశీలించడానికి అవకాశం ఎప్పుడూ ఉంది. 1919 నాటి నిబంధనలో బయటినుండి వచ్చినవాడు ఈ నేలవాడు కావడానికి ఒక దారి ఉంది. ఆ దారి కఠినమైనదే అయినా తెరిచి ఉంది. నేటి చర్చలలో రక్షణ శాతాల మీద ఉన్నంత శ్రద్ధ ఆ దారి మీద లేదు. మల్లాపూర్ వంటి ప్రాంతాలలో శ్రమతో ఈ నగరాన్ని నిర్మిస్తున్నవారికి పని ప్రదేశంలో, బడిలో, రేషను దుకాణంలో చెల్లుబాటయ్యే గుర్తింపును కల్పించడం, స్థానికులకు దశాబ్దాల పోరాటంతో దక్కిన రక్షణను కాపాడడం పరస్పర విరుద్ధమైన లక్ష్యాలు కావు. తన ఉనికిని అంగీకరింపజేసుకోవడానికి వందేళ్లు పోరాడిన సమాజానికి ఇతరుల ఉనికిని అంగీకరించడం అంటే ఏమిటో అందరికన్న ఎక్కువగా తెలిసి ఉండాలి.